సన్న తూనీగను గుర్తుపట్టడం ఎలా: రెక్క ముందు, రంగు తర్వాత

వానలు పడి కేసీ కెనాల్‌కు (కర్నూలు-కడప కాలువకు) నీళ్లు వదిలారంటే చాలు, నా ఫోనుకు ఫోటోలు రావడం మొదలవుతుంది. "అన్నా, మా మడి గట్టు మీద కనపడింది, పసుపు పచ్చగా ఉంది, దీని పేరేంది?" "సార్, నీలం తూనీగ దొరికింది, అరుదైనదా?" అడిగేవాళ్లలో రైతులున్నారు, బడిపిల్లలున్నారు, వాళ్ల టీచర్లున్నారు. అందరికీ జవాబివ్వాలనే ఉంటుంది. కానీ చాలా ఫోటోలు చూసి పేరు చెప్పడం ఎవరివల్లా కాదు. పురుగు స్పష్టంగానే పడి ఉంటుంది, చూడాల్సిన చోటు మాత్రం ఫోటోలో ఉండదు.

కర్నూలు దగ్గర గార్గేయపురం చెరువు చుట్టూ, కాలువ గట్ల వెంట తిరిగేటప్పుడు నేను ఏం చేస్తానో అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అనంతపురం, కడప వాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మనం అన్నిటినీ తూనీగలే అంటాం గానీ అందులో రెండు గుంపులున్నాయి. బలంగా, బొద్దుగా ఉండి ఆకాశంలో చక్కర్లు కొట్టేవి డ్రాగన్‌ఫ్లైలు. ఊదుబత్తి పుల్లలా సన్నగా ఉండి, నీళ్ల పక్కన గడ్డిలో మెల్లగా ఒక పోచ నుంచి ఇంకో పోచకు ఎగిరేవి డామ్‌సెల్‌ఫ్లైలు. ఈ రెండోవాటిని ఇక్కడ సన్న తూనీగలు అంటున్నాను.

కావలసినవి

- ఏదో ఒక స్మార్ట్‌ఫోను. మాక్రో మోడ్ ఉంటే మంచిది. లేకపోతే ఫోనుకు తగిలించే చిన్న మాక్రో లెన్సు దొరుకుతుంది, అది చాలు.
- ఒక అగ్గిపుల్ల. ఇదే మన కొలబద్ద. సుమారు 4 సెంటీమీటర్లు ఉంటుంది.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు.
- పాదాలు పూర్తిగా కప్పే బూట్లు, టోపీ, నీళ్ల సీసా.
- పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఉంటే సంతోషం, లేకపోయినా పని ఆగదు.

వల అక్కర్లేదు. చిన్నప్పుడు మనలో చాలామందిమి తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసినవాళ్లమే. ఇప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఆ ఆట మాత్రం నేర్పకండి. సన్న తూనీగ కాలు పట్టుకుంటే కాలే ఊడొస్తుంది. చచ్చాక దాని రంగులు కూడా మాసిపోతాయి, నీలం నల్లబడుతుంది. కాబట్టి పట్టుకుని చంపి ఇంటికి తెచ్చుకున్నా గుర్తుపట్టడానికి లాభం లేదు.

1. వేళ, చోటు చూసుకోండి

ఉదయం 7 నుంచి 9:30 లోపు. మన ఎండకు పది దాటితే అవి చురుగ్గా అయిపోతాయి, మీరు నీరసపడతారు. చెరువు అంచున జమ్ము, తుంగ ఉన్నచోట, నీళ్లు మెల్లగా పారే పిల్ల కాలువల పక్కన, వరిమడి గట్ల మీద వెతకండి. మోకాలి ఎత్తుకు దిగువనే చూడాలి. చాలామంది తలెత్తి వెతుకుతారు, అందుకే ఏమీ కనిపించదు.

ఆషాఢం గాలి ఈడ్చి కొడుతున్న రోజున గాలికి చాటుగా ఉన్న వైపు గడ్డి అడుగున చూడండి, అక్కడే దాక్కుంటాయి.

జాగ్రత్త: సిమెంటు లైనింగు వేసిన కాలువ గట్టు అంచున పాచి ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కాలువలోకి వంగి ఫోటో తీయకండి, పిల్లలను అసలు అంచుకు పంపకండి. గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించండి. మందు కొట్టిన మడిలోకి ఆ రోజు వెళ్లొద్దు.

2. నీడ పడకుండా దగ్గరికి వెళ్లండి

సూర్యుడు మీ వెనక ఉంటే వెలుతురు బాగుంటుంది, కానీ మీ నీడ దాని మీద పడగానే లేచిపోతుంది. అందుకని కాస్త పక్కవాటంగా వెళ్లండి. కూర్చుని, ఒక్కో అడుగు జరగండి. లేచిపోయినా కంగారు పడొద్దు. అది దూరం పోదు, రెండు మూడు అడుగుల్లో మళ్లీ వాలుతుంది, చాలాసార్లు అదే పోచ మీదికి వస్తుంది. ఉన్నచోటే ఒక్క నిమిషం ఆగండి.

3. అసలది సన్న తూనీగేనా?

ఇక్కడ మూడు చూడాలి.

రెక్కలు: వాలినప్పుడు వీపు మీద ఒకదానికొకటి ఆనించి మూసుకుంటే సన్న తూనీగ. విమానం రెక్కల్లా పక్కలకు చాచి ఉంచితే డ్రాగన్‌ఫ్లై. సన్న తూనీగకు ముందు రెక్క, వెనక రెక్క రెండూ ఒకే ఆకారంలో, మొదట్లో గరిటె కాడలా సన్నగా ఉంటాయి. డ్రాగన్‌ఫ్లైకి వెనక రెక్క మొదట్లోనే వెడల్పుగా ఉంటుంది.

కళ్లు: తలకు రెండు వైపులా, మధ్యలో ఖాళీతో, ఎడంగా ఉంటాయి.

మీసాలు: కనపడీ కనపడనంత పొట్టి వెంట్రుకలు.

ఈ మూడూ ఎందుకంటే, ఒక్కటే చూస్తే మోసపోతాం. లెస్టిస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) సన్న తూనీగలు రెక్కల్ని మూయవు, సగం తెరిచి ఉంచుతాయి. వానలకు నిండే కుంటల పక్కన ఇవి తగులుతాయి. రెక్కలు తెరిచి ఉన్నాయి కదా అని వాటిని డ్రాగన్‌ఫ్లై అనకండి, ఒళ్లు సన్నగా ఉందా, కళ్లు ఎడంగా ఉన్నాయా చూడండి. ఇంకోవైపు, నీటి ఒడ్డున ఎండుపుల్ల కొసన కూర్చునే పసుపు నలుపు చారల పెద్ద తూనీగ, ఇక్టినోగాంఫస్ రాపాక్స్, దాని కళ్లు కూడా ఎడంగానే ఉంటాయి. కానీ అది బొద్దుగా ఉంటుంది, రెక్కలు చాచి కూర్చుంటుంది. అది డ్రాగన్‌ఫ్లై.

నాకు ఎక్కువగా వచ్చే తప్పు ఫోటో మాత్రం ఇంకొకటి. రాత్రి వరండాలో ట్యూబ్‌లైటు దగ్గరికి వచ్చి గోడ మీద వాలే పురుగు. సన్నటి ఒళ్లు, జల్లెడలాంటి నాలుగు రెక్కలు. అచ్చం సన్న తూనీగే అనిపిస్తుంది. దాని మీసాలు చూడండి: పొడుగ్గా ఉండి కొసన లావెక్కి ఉంటాయి. రెక్కల్ని ఇంటి కప్పులా ఒంటి మీద వాల్చి ఉంచుతుంది. పంచన ఉన్న మెత్తటి దుమ్ములో గరాటులాంటి గుంతలు చేసుకుని, అడుగున కూర్చుని చీమల కోసం కాచుకునే పురుగు ఉంటుంది కదా, అది పెద్దదయ్యాక ఇలా మారుతుంది. తూనీగలతో దానికి చుట్టరికం లేదు.

4. నాలుగు ఫోటోలు తీయండి

ఒక్క అందమైన ఫోటో కన్నా నాలుగు మామూలు ఫోటోలు మేలు.

- పక్క నుంచి, తల నుంచి తోక కొస దాకా. ఫోను దాని ఒంటికి సమాంతరంగా ఉండాలి. కొంచెం ఏటవాలుగా పట్టినా తల స్పష్టంగా వచ్చి తోక మసకబారుతుంది.
- పై నుంచి, ఛాతీ మీది గీతలు కనిపించేలా.
- తోక చివరి మూడు నాలుగు కణుపులు, వీలైనంత దగ్గరగా.
- రెక్క కొస.

ఒళ్లు మరీ సన్నం కాబట్టి ఫోను దాన్ని వదిలేసి వెనకున్న గడ్డి మీద ఫోకస్ చేస్తుంది. అప్పుడు మీ అరచేతిని దానికి పక్కగా, అంతే దూరంలో పెట్టండి. ఫోకస్ చేతి మీద కుదరగానే తెర మీద వేలితో నొక్కి పట్టి లాక్ చేసి, చెయ్యి నెమ్మదిగా తీసేయండి. ఇది కూడా కుదరకపోతే వీడియో తీసి, ఇంటికొచ్చాక మంచి ఫ్రేము ఎంచుకోండి.

అది లేచిపోయాక, కూర్చున్న పోచ పక్కనే అగ్గిపుల్ల పెట్టి ఇంకో ఫోటో తీయండి. పరిమాణం తెలియకపోతే సగం పేర్లు తేలవు.

5. రెక్క కొసన ఉన్న మచ్చను చూడండి

రెక్క ముందంచున, కొసకు దగ్గరగా, గళ్లలో ఒక్క గడికి రంగు నింపినట్టు చిన్న మచ్చ ఉంటుంది. శాస్త్రంలో దాన్ని టెరోస్టిగ్మా అంటారు. రెక్క అదరకుండా ఉండటానికి అక్కడ ఆ కాస్త బరువు పనికొస్తుంది. మనకు అది గుర్తింపు కార్డు లాంటిది. మూడు ప్రశ్నలు వేసుకోండి: పొడుగా, పొట్టా? ఏ రంగు? ముందు రెక్కలో, వెనక రెక్కలో ఒకేలా ఉందా? లెస్టిస్‌కు ఇది పొడుగ్గా ఉంటుంది. మన పొలాల్లో తిరిగే చిన్న సన్న తూనీగల్లో పొట్టిగా, చదరంగా ఉంటుంది.

మన దగ్గర కనిపించే వాటిలో ఎక్కువ భాగం రెక్కలు గాజులా తేటగానే ఉంటాయి. "రెక్కల్లో ఇంద్రధనుస్సు రంగులున్నాయి" అని రాసేవాళ్లకు చెప్పేది: ఫోను కోణం కొంచెం మార్చి మళ్లీ తీయండి. రంగు పోతే అది వెలుతురు మెరుపు. అప్పుడే పుట్టిన వాటి రెక్కలు ఇలా బాగా మెరుస్తాయి. కోణం మార్చినా పోనిదే అసలు రంగు. వాగుల దగ్గర తిరిగే డిస్పారోన్యూరా క్వాడ్రిమాక్యులేటా మగదానికి రెక్కల మీద ముదురు గోధుమ రంగు పట్టీ నిజంగానే ఉంటుంది.

6. తోక కణుపులు వెనక నుంచి లెక్కపెట్టండి

తోక అంటున్నాం గానీ అది దాని పొట్ట. చెరకు గడలా పది కణుపులు. ఎక్కువమంది ముందు నుంచి లెక్కపెట్టి తప్పుతారు, ఎందుకంటే మొదటి కణుపు చాలా పొట్టి, రెక్కల కింద కలిసిపోతుంది. చిట్టచివర బుల్లి కొక్కేలున్న పొట్టి కణుపు పదోది. అక్కడి నుంచి వెనక్కి 9, 8, 7. ఏ కణుపు మీద ఏ రంగుందో నోటుబుక్కులో రాసుకోండి. పేరు తేల్చేది చాలాసార్లు ఈ చివరి కణుపులే.

7. ఆడా, మగా?

మగదాని తోక మొదట్లో, రెండో కణుపు అడుగున చిన్న ఉబ్బు ఉంటుంది. చివర కొక్కేలు స్పష్టంగా ఉంటాయి. ఆడదాని తోక చివర కాస్త లావు, 8, 9 కణుపుల అడుగున గుడ్లు పెట్టే సాధనం ముల్లులా కనిపిస్తుంది. జంటగా దొరికితే మీ అదృష్టం. మగది తన కొక్కేలతో ఆడదాని మెడ వెనక పట్టుకుంటుంది. ముందున్నది మగ, వెనకున్నది ఆడ. వాటిని కదిలించకుండా రెండింటినీ ఒకే ఫోటోలో తీసుకోండి. ఆడవాటి పేరు తేల్చడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు.

8. ఇప్పుడు రంగు చూడండి

కింద చెప్పేవన్నీ పెరిగిన మగవాటి గుర్తులు. వీటికి అందరూ వాడే తెలుగు పేర్లు స్థిరపడలేదు కాబట్టి శాస్త్రీయ నామాలే ఇస్తున్నాను.

*పసుపు తోక.* ఎక్కువ ప్రశ్నలు దీని మీదే. ఇద్దరు ఉన్నారు. ఒకటి సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్: తోక మొత్తం పసుపు, ఒక్క నల్ల మచ్చ ఉండదు. ఛాతీ, కళ్లు ఆకుపచ్చ ఛాయ. పొడవు అగ్గిపుల్లకు కొంచెం తక్కువ. 1798లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీనికి మన చోళమండల తీరం పేరు పెట్టాడు. రెండోది ఇష్నూరా రుబిలియో: తోక పసుపే, కానీ కొసన నీలం, ఆ నీలానికి ముందు నలుపు. ఛాతీ మీద నల్ల చారలు. మొదటిదానికన్నా బాగా చిన్నది. అనుమానం వస్తే రెక్క మచ్చ చూడండి: ముందు రెక్కలో గులాబీ ఎరుపు, వెనక రెక్కలో లేత బూడిద రంగు. పాత పుస్తకాల్లో దీన్ని ఇష్నూరా అరోరా అని రాశారు, మన దేశంలోదాన్ని ఇప్పుడు రుబిలియో అంటున్నారు.

*నల్ల తోక, కొసన నీలం కట్టు.* ఇష్నూరా సెనెగలెన్సిస్. 8వ కణుపు మొత్తం నీలం, 9వ దానికి నీలం పక్కలకే, పైన నలుపు. తోక పైభాగం మిగతాదంతా నలుపే. పేరులో సెనెగల్ ఉందని కంగారు పడకండి, ఇది ఆఫ్రికా నుంచి ఆసియా దాకా ఉంటుంది, మన చెరువుల్లోనూ ఉంటుంది.

*కొసన ఇటుక ఎరుపు, మరీ చిన్నది.* అగ్రియోక్నెమిస్ పిగ్మియా. అగ్గిపుల్లలో దాదాపు సగం. వరిమడి గట్టు మీద గడ్డి అడుగున ఉంటుంది. దోమ అనుకుని దాటిపోతారు. ఈ ప్రజాతిలో తోక చివరి కొక్కేల ఆకారం చూడనిదే తేలని జాతులున్నాయి. కొక్కేలు కనిపించే ఫోటో లేకపోతే అగ్రియోక్నెమిస్ వరకే రాయండి.

*లేత నీలం ఒళ్లు.* ఛాతీ పైన మూడు సన్నటి నల్లగీతలుంటే సూడాగ్రియాన్ డెకోరమ్. ముఖం కాషాయం రంగులో మెరిసిపోతుంటే సూడాగ్రియాన్ రూబ్రిసెప్స్. ఆ ముఖం ఒక్కసారి చూస్తే మర్చిపోరు. ఇవి తప్ప వేరే నీలం వాటికి తొందరపడి పేరు పెట్టొద్దు.

*పసుపు కాళ్లు, తెల్లటి తోక కొస.* నీడలో, నీళ్ల పక్కన పొదల్లో ఉంటే కోపెరా మార్జినిపెస్. దీని పిల్లప్రాయం పాలలా తెల్లగా ఉంటుంది, అసలు వేరే జాతే అనిపిస్తుంది.

9. వయసును లెక్కలోకి తీసుకోండి

చాలామంది ఇక్కడే తప్పుతారు, నేనూ ఇక్కడే తప్పాను. ఒకసారి గార్గేయపురం చెరువు అంచున తుంగలో నారింజ రంగు సన్న తూనీగ కనిపించింది. ఛాతీ నారింజ, తోక మొదలు నారింజ, ఆపైన పొడుగునా నల్ల చార. మన వైపు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని అనుకుని, కొత్త జాతి దొరికిందని ఇద్దరు ముగ్గురికి చెప్పేశాను. తర్వాత కొన్ని రోజులకు చూస్తే అలాంటి నారింజ దాన్నే ఒక మగది మెడ పట్టుకుని ఉంది. ఆ మగదాని నల్ల తోక కొసన నీలం కట్టు. సెనెగలెన్సిస్. నేను చూసింది దాని ఆడది. ఈ జాతిలో లేత వయసులో ఉన్న ఆడవి నారింజగా ఉంటాయి, పెరిగాక ఆకుపచ్చ, గోధుమ రంగులకు మారతాయి. కొన్ని ఆడవి అచ్చం మగదానిలా నీలం కట్టుతో కూడా ఉంటాయి. ఆ ఇద్దరు ముగ్గురికీ మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.

ఎర్రటి ఆడది దొరికితే ఇలా విడదీయండి: తోక పైన నల్ల చార ఉంటే సెనెగలెన్సిస్ వైపు, తోకంతా ఎరుపై అగ్గిపుల్లలో సగమే ఉంటే అగ్రియోక్నెమిస్ వైపు.

అప్పుడే పొర విడిచి బయటికొచ్చిన దానికి సరైన రంగే ఉండదు. ఒళ్లు పాలిపోయి, రెక్కలు పాలిథీన్ కాగితంలా మెరుస్తూ, ఎగరడం చేతకాక పక్కనే వాలిపోతుంది. దానికి పేరు పెట్టకండి, ముట్టుకోకండి. రెక్క ఇంకా గట్టిపడి ఉండదు, వేలు తగిలితే వంకర పోతుంది, అలాగే ఉండిపోతుంది. ఇంకోవైపు, కొన్ని జాతుల్లో ముసలివాటి ఒంటి మీద విభూతి పూసినట్టు తెల్లటి పొడి వస్తుంది. దాని కింద అసలు గీతలు మరుగున పడతాయి.

తరచూ జరిగే ఇంకొన్ని తప్పులు

ఛాతీ అడుగున ఎర్రటి గుండ్లు. "గుడ్లు మోస్తోంది" అని చాలామంది రాస్తారు. అవి గుడ్లు కావు. నీటి నల్లులు (వాటర్ మైట్లు), దాని రక్తం తాగే బుల్లి జీవులు. ముత్యాల వరసలా అతుక్కుని ఉంటాయి. వాటిని దాని రంగులో భాగంగా లెక్కపెట్టొద్దు.

ఫిల్టరు. ఫోను తనంతట తాను రంగులు పెంచుతుంది. ఆకుపచ్చని నీలంగా చూపడం నేను చాలాసార్లు చూశాను. కంటికి ఏ రంగు కనిపించిందో అక్కడే నోటుబుక్కులో రాసుకోండి.

యాప్ చెప్పిన మొదటి పేరు. ఫోటో చూసి జీవుల పేర్లు సూచించే ఐనాచురలిస్ట్ యాప్ మంచి సాధనం, నేనూ వాడతాను. కానీ మసక ఫోటో పెడితే అది కూడా ఊహిస్తుంది. అది చూపిన పేరు మీద నొక్కి, ఆ జాతి ఎక్కడెక్కడ కనిపించిందో చుక్కలతో చూపే పటం తెరవండి. దక్షిణ భారతంలో ఒక్క చుక్క కూడా లేకపోతే ఆ పేరును పక్కన పెట్టండి.

సరిగ్గా గుర్తుపట్టామా? ఇలా సరిచూసుకోండి

పేరు అనుకున్నాక ఫోటో మూసేసి, దాని గుర్తులు నాలుగు కాగితం మీద రాయండి: రెక్క మచ్చ, 8-9-10 కణుపులు, ఛాతీ గీతలు, పరిమాణం. ఇప్పుడు ఫోటో తెరిచి ఒక్కొక్కటే టిక్ పెట్టండి. నాలుగూ కుదిరితే పేరు రాయండి. మూడు కుదిరి ఒకటి కనిపించకపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఒక్కటైనా ఎదురు తిరిగితే, మిగతా మూడూ ఎంత బాగా కుదిరినా ఆ పేరు కొట్టేయండి. దాన్ని ఎలాగైనా సరిపెట్టాలని చూడకండి.

తర్వాత వారం పది రోజులు అదే చోటికి, అదే వేళకు వెళ్లండి. అదే జాతి మగవి, ఆడవి, జంటలు కనిపిస్తే మీ మాట ఖాయమవుతుంది.

నోటుబుక్కులో నమోదు ఇలా ఉంటే చాలు:

"గార్గేయపురం చెరువు. ఉదయం 8. గాలి తక్కువ. తుంగ మీద, నీటికి జానెడు ఎత్తున. తోక పైన నల్ల చార, ఛాతీ నారింజ. రెక్క మచ్చ పొట్టి. తోక చివర లావు, అడుగున ముల్లు. పొడవు అగ్గిపుల్లలో ముప్పాతిక. ఇష్నూరా, ఆడ. జాతి: సెనెగలెన్సిస్? కొస ఫోటో మసక. రేపు మళ్లీ చూడాలి."